చేలో దొరికిన ఈస్టిండియా కంపెనీ నాణేలు ఎవరికి చెందుతాయి?

ప్రశ్న: సర్, మాది గొల్లప్రోలు దగ్గర పల్లె. రెండెకరాలు కౌలుకు చేస్తున్నాం. భూమి యజమాని హైదరాబాద్‌లో ఉంటారు. మా బావమరిది ఆన్‌లైన్‌లో మెటల్ డిటెక్టర్ కొన్నాడు. దుక్కి దున్నాక చేలో తిప్పి చూస్తే మూరెడు లోతులో, పగిలిన ముంత పెంకుల మధ్య 14 రాగి నాణేలు దొరికాయి. ఒకవైపు రెండు సింహాల బొమ్మ, 1808 అని ఉంది. రెండోవైపు ఉర్దూ లాంటి రాత. ఇంకో మూల మూడు సీసపు గుండ్లు విడిగా దొరికాయి. ఇది జరిగి మూడు వారాలైంది. ఒకాయన ఫోన్ చేసి నాణేలకు కోటి ఇప్పిస్తానంటున్నాడు, ముందు టెస్టింగ్ ఫీజు పాతిక వేలు కట్టమంటున్నాడు. పోలీసు కేసు అవుతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ పాతిక వేలు కట్టకండి. మిగతా విషయాలు తర్వాత.

మీరు ఇంతవరకు చేసిన పనుల్లో చట్టం గట్టిగా పట్టుకునేది ఒక్కటే. మూడు వారాలైనా కలెక్టరుకు చెప్పలేదు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాచి ఉంచిన, ఏ కాస్త విలువైనా ఉన్న వస్తువు నిధి కిందికి వస్తుంది. దాని విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవారు వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ 10 రూపాయల హద్దు పెట్టిన రోజుల్లో పది వెండి రూపాయలంటే 116 గ్రాముల బరువు. ఇవాళ ఆ పదికి టీ కూడా రావట్లేదు, హద్దు మాత్రం అలాగే ఉంది. కాబట్టి మీ 14 నాణేలు ఎలా చూసినా హద్దు దాటినట్టే.

చట్టంలో ఇన్ని రోజుల్లోపు అని లెక్క లేదు, "వీలైనంత త్వరగా" అనే ఉంది. మూడు వారాల ఆలస్యానికి కారణం చెప్పుకోవచ్చు. మూడు నెలలైతే చెప్పుకోవడం కష్టం. అందుకే ఈ వారంలోనే ఒక కాగితం రాయండి. ఏం దొరికాయి, ఎన్ని, సుమారు విలువ ఎంత, ఏ సర్వే నంబరులో, ఏ తేదీన? ఈ వివరాలు చాలు. విలువ తెలియకపోతే తెలియదనే రాయండి. మిషన్ పట్టుకున్నది మీ బావమరిది, తవ్వింది మీరు, కాబట్టి ఇద్దరి పేర్లూ పెట్టండి. పెంకుల సంగతి కూడా రాయండి, పెంకులు పారేయకండి. కలెక్టరేట్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తహసీల్దారుకు నోటిమాటగా చెప్పి ఊరుకుంటే రేపు రుజువు ఉండదు. నాణేలను ట్రెజరీలో జమ చేయమంటారు, లేదా కలెక్టరు అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని హామీ తీసుకుంటారు.

చెప్పకుండా దాస్తే మీకు రావలసిన వాటా ప్రభుత్వానికి పోతుంది. దానిపైన ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గుర్తుపట్టకుండా మార్చినా ఇదే శిక్ష. కంసాలి దగ్గరికి వెళ్లి కరిగించడం అంటే నేరుగా ఈ సెక్షన్‌లోకి నడిచి వెళ్లడమే. చింతపండుతో తోమడం ఆ కిందికి రాదు గానీ దయచేసి తోమకండి. రెండు వందల ఏళ్లలో పట్టిన ఆ ముదురు పొర కూడా నాణెం అసలుదా కాదా అని చూసే ఆనవాళ్లలో ఒకటి. తళతళలాడే పాత నాణెమంటే కొనేవాడికీ, మ్యూజియం వాళ్లకీ అనుమానమే.

ఇక వాటా సంగతి. కలెక్టరు ఒక ప్రకటన ఇస్తారు. హక్కు ఉందనుకునేవారు రావడానికి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఒక తేదీ పెడతారు. ఆ రోజు భూమి యజమాని వచ్చి "మా తాతగారు దాచినవి" అనవచ్చు. గత నూరేళ్లలోపు దాచినవని నమ్మడానికి ఆధారం ఉంటేనే కలెక్టరు ఆయన్ను సివిల్ కోర్టుకు వెళ్లమని గడువు ఇస్తారు. నాణెం మీద 1808 ఉందని అది 1808లోనే పూడ్చారనుకోకండి. పాత రాగి డబ్బులు ముంతలో పోసి 1930లోనూ పాతిపెట్టి ఉండవచ్చు. పెంకులు దాచమన్నది అందుకే.

అలాంటి హక్కుదారు ఎవరూ తేలకపోతే నిధిని యజమాని లేనిదిగా ప్రకటిస్తారు. అప్పుడు, మీకూ భూమి యజమానికీ ముందే ఒప్పందం లేకపోతే, దొరికినవారికి మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు. అంటే ముప్పావు, పావు. భూమి యజమాని అసలు అడగకపోతే మొత్తం మీదే. కౌలుదారుగా మీకు అదనంగా ఏమీ రాదు. మీ దగ్గర సీసీఆర్‌సీ (కౌలు రైతులకు ఇచ్చే పంట సాగు హక్కు) కార్డు ఉన్నా అది పంట మీద హక్కుకే, భూమి మీద హక్కు ఇవ్వదు. మీకు వచ్చేది దొరికించుకున్నవారిగా వచ్చే వాటా.

ఇక్కడ చాలామంది లాయర్లు చెప్పని మాట ఒకటి ఉంది. ప్రభుత్వం కావాలనుకుంటే ఆ నాణేలను తనే తీసుకోవచ్చు. అందుకు ఇచ్చే ధర, ఆ వస్తువులోని లోహం విలువకు అయిదో వంతు కలిపి. చరిత్ర విలువకు కాదు, లోహానికి! బంగారమైతే ఫర్వాలేదు. రాగి నాణేలకు రాగి రేటు, సీసపు గుండుకు సీసం రేటు. ఈ లెక్క చూసే జనం దాస్తారని నా అభిప్రాయం. చట్టం మారాలి. అది మారేదాకా దాచడం మాత్రం నేరమే.

మీరేమీ కోట్లు పోగొట్టుకోవట్లేదు కూడా. మీరు చెప్పిన గుర్తులను బట్టి అవి ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులో ముద్రించిన రాగి కాసులు. ఇవి టన్నుల కొద్దీ ముద్రించినవి. వాటిని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దగ్గరే మునిగిపోయింది. ఆ ఓడ నుంచి తర్వాతి కాలంలో తీసిన కాసులు ఇప్పటికీ సేకర్తల దగ్గర తక్కువ ధరకే దొరుకుతాయి. కోటి రూపాయల మాట అక్కడే తేలిపోయింది.

సీసపు గుండ్ల దగ్గర ఆసక్తికరమైన చిక్కుంది. మీ మండలంలోనే చందుర్తి ఉంది. 1758 డిసెంబరులో అక్కడ కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లీషు సేన, విజయనగరం ఆనంద గజపతి రాజు అండతో, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనను ఓడించింది. ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల చేయి దాటిపోవడానికి దారి వేసిన యుద్ధం అది. మీ గుండ్లు ఆ యుద్ధానివేనని నేను చెప్పలేను. అప్పటి ఇంగ్లీషు సిపాయి తుపాకీ గుండు సుమారు 17 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉండేది. స్కేలు పెట్టి కొలిచి ఆ అంకె కూడా కాగితంలో రాయండి. పేల్చిన గుండును ఎవరూ "దాచలేదు" కదా, అది నిధి ఎలా అవుతుందని వాదించవచ్చు. వాదనలో బలం ఉంది. అయినా మూడు గుండ్ల కోసం మేజిస్ట్రేటు ముందు ఆ వాదన వినిపించే పని పెట్టుకోవద్దు, నాణేలతో కలిపి చూపించేయండి. అవి దొరికిన చోట ఒక కర్ర పాతి ఉంచండి. యుద్ధభూమిలో గుండు కన్నా అది పడిన చోటే ఎక్కువ కథ చెబుతుంది.

అమ్మకం గురించి. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు. దేశం దాటించడం ఇంకా పెద్ద నేరం, కనీసం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు. అమెరికాలో ఉన్న బంధువు సూట్‌కేసులో ఒకటి గుర్తుగా పెట్టి పంపినా లెక్క అదే.

డిటెక్టర్ మళ్లీ వాడొచ్చా? మిషన్ దగ్గర ఉండటాన్ని నేరంగా చెప్పే సెక్షన్ నేను పైన చెప్పిన చట్టాల్లో లేదు. సమస్య తవ్వకంతో వస్తుంది. మీ బావమరిది చూసే వీడియోల్లో పొలాలు వర్జీనియావో ఇంగ్లండువో అయి ఉంటాయి. ఇంగ్లండులోనైనా నిధి దొరికితే 14 రోజుల్లో అధికారికి చెప్పాలి. ఇక్కడ మాత్రం కేంద్ర రక్షిత కట్టడాలకు, స్థలాలకు చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రక్షిత స్థలంలో లైసెన్సు లేకుండా తవ్వితే జైలు దాకా వెళ్తుంది. మీ సర్వే నంబరు ఏదైనా రక్షిత జాబితాలో ఉందా అని రాష్ట్ర పురావస్తు శాఖను అడిగి తెలుసుకోండి. భూమి యజమానికి ఇవాళే ఫోన్ చేసి జరిగింది చెప్పండి. కలెక్టరు నోటీసు ద్వారా ఆయనకు తెలిస్తే కౌలు కూడా పోతుంది. మళ్లీ వెతకాలనుకుంటే ఆయన అనుమతి, దొరికితే వాటా ఎంత అనేది కాగితం మీద పెట్టించుకోండి. చట్టం ఆ ఒప్పందాన్ని గౌరవిస్తుంది.

చివరికి ఆ ఫోన్ మనిషి. బియ్యాన్ని లాగే రాగి అంటూ రైస్ పుల్లింగ్ పేరుతో మోసపోయినవాళ్లు మన జిల్లాల్లో కొత్త కాదు. సీతారాముల బొమ్మతో, 1818 తేదీతో "కంపెనీ నాణేలు" అని తిరిగేవి కూడా ఉన్నాయి. కంపెనీ అలాంటివి ఎప్పుడూ ముద్రించలేదు. టెస్టింగ్ ఫీజు, కెమికల్ ఖర్చు, సైంటిస్టు విమానం టికెట్టు అంటూ మీ దగ్గర డబ్బు అయిపోయేదాకా అడుగుతూనే ఉంటారు. అతని మెసేజీలు చెరిపేయకండి. ఇప్పటికే ఎంతో కొంత పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయండి.