అమివాంటామాబ్ మొదటి డోసు రెండు రోజులుగా ఎందుకు ఇస్తారు?

మీ నాన్నగారి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 20 ఇన్సర్షన్ (ఈజీఎఫ్ఆర్ జన్యువులో వచ్చే ఒక రకం మార్పు) ఉందని, కీమో తర్వాత అమివాంటామాబ్ రాశారని, మొదటి డోసును రెండు రోజులకు విడదీశారని తెలిసి భయపడుతున్నానని రాశారు. మా అమ్మగారికి ఇదే మందు పద్నాలుగు నెలలు ఎక్కించారు కనుక, దగ్గరుండి చూసినది చెబుతాను.

ఇది కీమో కాదు. కణం పైన ఉండే ఈజీఎఫ్ఆర్, మెట్ అనే రెండు గ్రాహకాలను (పెరగమనే సంకేతాలను అందుకునే ప్రొటీన్లను) ఒకేసారి పట్టుకునే యాంటీబాడీ. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ వంటి మాత్రలు కణం లోపలి భాగానికి అతుక్కోవాలి; ఈ రకం మార్పులో ఆ చోటు ఇరుకైపోతుంది కాబట్టి అవి సరిగా పనిచేయవు. బయటి నుంచి పట్టుకునే మందుకు ఆ ఇబ్బంది లేదు. 2021 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని మొదట అనుమతించింది కూడా ఈ రకానికే.

80 కిలోల లోపు బరువున్నవారికి డోసు 1050 మిల్లీగ్రాములు. మొదటి రోజు 350, మర్నాడు 700 ఎక్కిస్తారు. దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఎక్కించేటప్పుడు రియాక్షన్ వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి డోసులోనే. అందుకే ఆ జాగ్రత్త. మా అమ్మగారికి అరగంటలోనే ముఖం ఎర్రబడి, పళ్లు టకటక కొట్టుకునేంత వణుకు పుట్టింది. నర్సు వెంటనే డ్రిప్ ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి, వణుకు తగ్గాక వేగం తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. రెండో వారం నుంచి అది మళ్లీ రాలేదు. కాబట్టి మొదటి రోజు చూసి మందు పడలేదని నిర్ణయించుకోకండి.

నిజంగా బాధపెట్టినవి చర్మం, గోళ్లు. ఆరోగ్యంగా ఉన్న చర్మానికీ ఈజీఎఫ్ఆర్ అవసరమే కదా. రెండు బొటనవేళ్లకూ గోరుచుట్టు లేచి, మాత్రల స్ట్రిప్ నొక్కలేక అమ్మగారు దాన్ని నా చేతికి ఇచ్చేవారు. తగ్గుతుందిలే అనుకొని మూడు వారాలు డాక్టరుకు చెప్పకపోవడం మా తప్పు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీరు మొదటి రోజు నుంచే ఆల్కహాల్ లేని మాయిశ్చరైజర్ రాయండి, మందు ఆపిన రెండు నెలల వరకూ ఎండ తగలకుండా చూడండి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ముందుగానే మొదలుపెట్టవచ్చా అని డాక్టరును అడగండి.

దగ్గు, ఆయాసం కొత్తగా మొదలైనా, ఉన్నవి పెరిగినా, జబ్బు వల్లేలే అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తెలియజేయండి. అరుదుగానే అయినా ఈ మందు వల్ల ఊపిరితిత్తుల్లో వాపు రావచ్చు, అప్పుడు మందు ఆపవలసి ఉంటుంది.