సెంచూరియన్ కింద వందమంది ఉంటారా?

ప్రశ్న: క్రీ.శ. 2వ శతాబ్దంలో, తిరుగుబాటు రాజుకుంటున్న బ్రిటన్ సరిహద్దు నేపథ్యంగా సాహస నవల రాస్తున్నాను. నాయకుడు సెంచూరియన్, అంటే రోమన్ సైన్యంలో ఒక దళపతి. అతని కింద వందమంది. అక్కడి హేడ్రియన్ గోడ మీద కాపలా అంతా లీజియన్ (రోమన్ పౌరులుండే ప్రధాన సేన) సైనికులదే. చరిత్రకు సరిపోతుందా?

జవాబు: రెండూ సవరించాలి. పేరు చూసి మోసపోకండి, సెంచూరియన్ నడిపే దళమైన సెంచురీ అంటే మామూలుగా 80 మందే. ఎనిమిదేసి మందికి ఒక గుడారం చొప్పున పది గుడారాలు. ఆరు సెంచురీలు ఒక కోహర్ట్, అంటే 480 మంది. కథకు ప్రాణం ఆ ఎనిమిది మందే! తినడం, పడుకోవడం, పోట్లాడుకోవడం అన్నీ కలిసే. పాత్రలను అక్కడి నుంచే ఎత్తుకోండి.

హేడ్రియన్ గోడను క్రీ.శ. 122 ప్రాంతంలో కట్టడం మొదలుపెట్టింది లీజియన్లే అయినా, కాపలా ఎక్కువగా ఆక్సిలరీ (సహాయక) దళాలది. వాళ్లలో చాలామందికి రోమన్ పౌరసత్వం ఉండదు. 25 ఏళ్లు పనిచేస్తే దక్కుతుంది. మరి కొలువులో 24వ ఏట సొంత తెగవాళ్లే తిరగబడితే? మీ కథకు కావలసిన చిక్కుముడి ఇదే. అసాధ్యమేమీ కాదు, క్రీ.శ. 69లో రైన్ నది ప్రాంతపు బటావియన్ తెగ ఆక్సిలరీ దళాలు రోమ్‌పైనే కత్తి దూశాయి.

చలిని మరవకండి. గోడకు దగ్గర్లోని విండోలాండా కోటలో దొరికిన చెక్కపలక ఉత్తరాల్లో ఒకటి మేజోళ్లు, లోదుస్తులు పంపిన కబురు. ఇంకొకటి, రౌతు కాళ్లకు రికాబులు తగిలించకండి. రోమన్లకు అవి లేవు. నాలుగు కొమ్ముల జీనే వాళ్లకు ఆసరా.