యూటీఐకి (మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి) మూడు రోజుల యాంటీబయాటిక్ కోర్సు అయిపోయినా మంట తగ్గకపోతే? ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి

కొత్తగా పెళ్ళయి ఇక్కడికొచ్చిన ఒక చెల్లి అడిగింది. "అక్కా, ఫార్మసీలో మూడు రోజులకి టాబ్లెట్లు ఇచ్చారు, కోర్సు నిన్నటితో అయిపోయింది, మంట తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది, ఇండియా నుంచి తెచ్చుకున్న సిఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్ ఉంది, వేసేసుకోనా? జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికెళ్తే నీళ్ళు తాగమని పంపేస్తారంట కదా."

ముందు ఆ స్ట్రిప్ పక్కన పెట్టమ్మా. నీకు ఇప్పుడు కావాల్సింది ఇంకో మందు కాదు, యూరిన్ కల్చర్. ఏ బ్యాక్టీరియా ఉంది, ఏ మందుకి చస్తుంది, ఏ మందుకి చావదు అనేది ఆ టెస్ట్ ఒక్కటే చెప్తుంది, నువ్వు శాంపిల్ ఇవ్వకముందే ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ ఒకటో రెండో వేసేసుకున్నావంటే ల్యాబ్‌లో ఏమీ పెరగక నార్మల్ అని రిపోర్ట్ వచ్చే అవకాశం ఉంది, లోపల మాత్రం ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది.

ఫార్మసీలో నీకు ఇచ్చింది నైట్రోఫ్యూరాంటోయిన్ అయ్యుంటుంది, 2024 జనవరి ఆఖర్లో ఫార్మసీ ఫస్ట్ అనే పథకం మొదలైనప్పట్నించీ ఇంగ్లండ్‌లో 16 నుంచి 64 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళకి మామూలు యూటీఐ అయితే జీపీ లేకుండా ఫార్మసిస్టే మూడు రోజులకి ఇస్తున్నారు. మంచి మందే, దాంతో యూరిన్ ముదురు పసుపుగా, గోధుమ రంగుగా వస్తే భయపడకు, మందు రంగు అది. మొదలుపెట్టిన 48 గంటల్లో తేడా తెలియాలి. తెలియలేదంటే, లేదా తగ్గి మళ్ళీ వచ్చిందంటే, కోర్సు అయ్యేదాకా చూద్దాం, వీకెండ్ అయ్యాక చూద్దాం అనుకోకుండా జీపీకి ఫోన్ చెయ్యాలి. ఇంకోటి, చాలామంది ఇంటి నుంచి సిట్రాల్కా, అల్కాసాల్ లాంటి సిరప్‌లు తెచ్చుకుంటారు, ఇక్కడ కూడా అలాంటి సాషేలే షాపుల్లో అమ్ముతారు, నైట్రోఫ్యూరాంటోయిన్ వేసుకుంటూ అవి తాగొద్దు. యూరిన్‌లో ఆమ్లం తగ్గిపోతే ఆ మందు సరిగ్గా పనిచెయ్యదు.

మనింట్లో ఏమంటారో నాకు తెలుసు, వేడి చేసింది, సబ్జా నీళ్ళు తాగు, మజ్జిగ తాగు, బార్లీ కాచుకో అంటారు. తాగు తల్లీ, నీళ్ళు బాగా పోతే మంచిదే, కానీ మందు వాడాక కూడా మంట ఉంటే అది చలవ చేసినందువల్ల పోయేది కాదు.

జీపీకి ఫోన్ చేసినప్పుడు "నాకు బాలేదు" అని ఊరుకోకు. రిసెప్షనిస్ట్ అడిగేది నిన్ను ఎవరి దగ్గరికి ఎంత త్వరగా పంపాలో తేల్చుకోవడానికి, అందుకని వరసగా చెప్పు: యూటీఐకి ఫలానా మందు మూడు రోజులు వాడాను, తగ్గలేదు, యూరిన్ కల్చర్ కావాలి, ఫలానా నెలలో ఇండియా నుంచి వచ్చాను. ఆ చివరి మాట తప్పకుండా చెప్పాలి. మనవైపు మెడికల్ షాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ దొరికి దొరికి మామూలు మందులకి లొంగని బ్యాక్టీరియా బాగా పెరిగిపోయింది, అది ఏ జబ్బూ చెయ్యకుండా మన పేగుల్లో నెలల తరబడి ఉండగలదు, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు బయటపడుతుంది. ఈ మాట తెలిస్తే డాక్టర్ మందు ఎంచుకునే పద్ధతే మారుతుంది. తెలుగులో చెప్పుకుంటే బాగుంటుందనుకుంటే ఇంటర్‌ప్రిటర్ అడుగు, లేడీ డాక్టర్ కావాలని అడుగు, రెండూ అడిగే హక్కు ఉంది. నువ్వు చెప్పింది మీ ఆయనకి గానీ అత్తగారికి గానీ నీ అనుమతి లేకుండా చెప్పరు. వీసాతో పాటు హెల్త్ సర్‌ఛార్జ్ కట్టే వచ్చావు, ఇందులో మొహమాటం ఏమీ లేదు.

శాంపిల్ సీసా చాలా చోట్ల ఎర్ర మూతది ఇస్తారు, లోపల కొంచెం తెల్ల పొడి ఉంటుంది. మురికనుకుని కడిగెయ్యొద్దు, బ్యాక్టీరియా లెక్క మారకుండా ఆపే బోరిక్ యాసిడ్ అది. మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టు, సీసా మీద గీత వరకూ నింపు, వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టు గానీ 24 గంటలు దాటనివ్వకు. రిపోర్ట్‌కి రెండు మూడు రోజులు పడుతుంది, వాళ్ళు ఫోన్ చెయ్యలేదంటే అంతా బాగుందనుకోకుండా ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) యాప్‌లో చూసుకో, లేదా నువ్వే అడుగు.

ఇవన్నీ మంట ఒక్కటే ఉన్నప్పటి మాట. ఒంట్లో చలి పెట్టి వణుకు, జ్వరం, డొక్కలో గానీ నడుము పక్కన పక్కటెముకల కింద గానీ నొప్పి, వాంతులు, వీటిల్లో ఏదొచ్చినా ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందేమో అని చూడాలి, ఆ రోజే చూపించుకోవాలి. నైట్రోఫ్యూరాంటోయిన్ యూరిన్‌లో పనిచేస్తుంది గానీ కిడ్నీ కండలో సరిపడా చేరదు, అందుకే అదే మందు ఇంకో మూడు రోజులు పొడిగించి లాభం లేదు. రాత్రి అయినా, ఆదివారం అయినా 111 కి (ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యి. టాబ్లెట్ కడుపులో నిలవనంత వాంతులైతే ఏ అండ్ ఈకి (హాస్పిటల్ ఎమర్జెన్సీకి) వెళ్ళిపో. వెళ్ళేముందు డోలో వేసుకుని ఉంటే ఎన్నింటికి వేసుకున్నావో నర్సుకి చెప్పు, లేకపోతే అక్కడ చూసినప్పుడు జ్వరం కనపడక మామూలుగానే ఉందనుకుంటారు. మాట తడబడటం, మతి తప్పినట్టు మాట్లాడటం, ఊపిరి ఆడకపోవడం, చర్మం మచ్చలు మచ్చలుగా పాలిపోవడం, రోజంతా యూరిన్ రాకపోవడం ఉంటే 999కి (అంబులెన్స్‌కి) ఫోన్ చెయ్యి, అక్కడ ఆలోచించే పనే లేదు.

గర్భిణీలు ఫార్మసీ దగ్గర ఆగొద్దు, చిన్న మంట అయినా మిడ్‌వైఫ్‌కో జీపీకో అదే రోజు చెప్పాలి. మగవాళ్ళకి వస్తే కూడా జీపీ చూడాల్సిందే, కల్చర్ తప్పనిసరి. షుగర్ ఉన్నవాళ్ళూ, కిడ్నీలో రాయి ఉన్నవాళ్ళూ అంతే.

ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే దాన్ని మళ్ళీ మళ్ళీ వచ్చే యూటీఐ అంటారు, ప్రతిసారీ ఒక కోర్సు ఇచ్చి పంపేస్తుంటే ఎందుకొస్తోందో చూడమని గట్టిగా అడుగు, అవసరమైతే స్కాన్ చేస్తారు, స్పెషలిస్ట్‌కి రాస్తారు. నెలసరి ఆగిపోయినవాళ్ళకి లోపల పొడిబారడం వల్ల కూడా వస్తుంది, దానికి ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది, సిగ్గుపడి ఎవరూ అడగరు, బాధ పడుతూనే ఉంటారు, అది చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది.

కల్చర్‌లో ఏమీ రాకపోయినా మంట ఉంటే అది యూటీఐ కాకపోవచ్చు. థ్రష్ (ఫంగస్ ఇన్ఫెక్షన్), క్లమీడియా (శృంగారం ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్), రాళ్ళు, బ్లాడర్ నొప్పి జబ్బు, చాలా ఉన్నాయి. క్లమీడియా టెస్ట్ సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లో ఫ్రీ, జీపీ లెటర్ అక్కర్లేదు. రిపోర్ట్‌లో పస్ సెల్స్ ఉన్నాయి, బ్యాక్టీరియా పెరగలేదు అని పదేపదే వస్తే, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఒకప్పుడు టీబీ వచ్చి ఉంటే, యూరిన్‌లో టీబీ కూడా చూడమని జీపీని అడుగు. అరుదే, కానీ ఇక్కడి డాక్టర్లకి అది చప్పున గుర్తుకు రాకపోవచ్చు.

అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వచ్చినప్పుడు ఇదే సమస్య వస్తే పిల్లలు ఖర్చుకి భయపడి ఆగుతున్నారు. జీపీకి చూపించడానికీ, ఏ అండ్ ఈలో చూసినందుకూ విజిటర్స్‌కి కూడా డబ్బులు తీసుకోరు, హాస్పిటల్లో అడ్మిట్ చేసినా, అక్కడ స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్‌కి పంపినా బిల్లు వస్తుంది, అది ఎన్‌హెచ్‌ఎస్ రేటుకి ఒకటిన్నర రెట్లు, అందుకే ఇన్సూరెన్స్ లేకుండా పిలిపించొద్దు. ఇక 45 దాటినవాళ్ళకి యూరిన్‌లో కంటికి రక్తం కనపడి, ఇన్ఫెక్షన్ లేకపోయినా, ఇన్ఫెక్షన్‌కి మందు వాడాక కూడా ఆగకపోయినా, క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి జీపీ అర్జెంట్‌గా రిఫర్ చెయ్యాలి, రెండుమూడు రోజులు ఆగి తనంతట తనే పోయినా సరే చెప్పాల్సిందే.