అడ్జెక్టివా, అడ్వర్బా? మన ‘గా’ తెచ్చే చిక్కు

‘ఇంగ్లీషులో అడ్జెక్టివ్ (విశేషణం, వస్తువో మనిషో ఎలాంటిదో చెప్పే మాట), అడ్వర్బ్ (క్రియావిశేషణం, పని ఎలా జరిగిందో చెప్పే మాట) నిర్వచనాలు వచ్చు, పరీక్షలో ఖాళీలు నింపగలను, కానీ సొంతంగా నాలుగు వాక్యాలు రాయాలంటే మాట చివర ‘లీ’ (-ly) ఎక్కడ తగిలించాలో తెలియడం లేదు. పైగా మంచి రచనలో అడ్వర్బులే ఉండకూడదంటున్నారు, నిజమేనా?’ అని మీరు అడిగారు. నేనూ సరిగ్గా అక్కడే చాలాకాలం ఇరుక్కున్నాను కాబట్టి, నాకు పనికొచ్చినవే చెప్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పని ఆలస్యమైతే సంజాయిషీగా మెయిల్ పెట్టాను. అందులో ‘ఐ వర్క్‌డ్ హార్డ్‌లీ ఆన్ దిస్’ అని రాశాను. చాలా కష్టపడ్డానని నా భావం. ‘హార్డ్’ అడ్జెక్టివ్, దానికి ‘లీ’ చేరిస్తే అడ్వర్బ్. బడిలో నేర్చుకున్న సూత్రం ప్రకారం లెక్క సరిపోయింది. కానీ ‘హార్డ్‌లీ’ అంటే ‘దాదాపు లేనట్టే’ అని అర్థం. మా పై అధికారి పిలిచి, నవ్వు ఆపుకుంటూ, ‘పని చేయలేదని ఇంత నిజాయతీగా ఎవరూ ఒప్పుకోరు’ అన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ తర్వాతే ఈ ‘లీ’ సంగతేంటో కాస్త తవ్వి చూశాను. పాత ఇంగ్లీషులో అడ్జెక్టివ్‌లు తయారుచేసే ప్రత్యయం ఒకటి, అడ్వర్బులు తయారుచేసేది ఇంకొకటి ఉండేవి. కాలక్రమంలో రెండూ అరిగి ఒకే ‘లీ’గా మిగిలాయి. అందుకే ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’, ‘కాస్ట్లీ’ చివర ‘లీ’ ఉన్నా అడ్జెక్టివ్‌లే. చాలావరకు పనిచేసే గుర్తు ఏమిటంటే, నామవాచకానికి ‘లీ’ చేరితే అడ్జెక్టివ్, అడ్జెక్టివ్‌కి చేరితే అడ్వర్బ్. ఇక ‘హార్డ్’, ‘ఫాస్ట్’ లాంటివాటికి పాతకాలంలో అడ్వర్బ్ రూపం చివర చిన్న అచ్చు ఒకటి ఉండేది. అది రాలిపోవడంతో రెండు రూపాలూ ఒకటైపోయాయి. కాబట్టి కష్టపడి పనిచేస్తే ‘వర్క్ హార్డ్’, వేగంగా పరిగెత్తితే ‘రన్ ఫాస్ట్’. ‘లేట్‌లీ’ అంటే ఆలస్యంగా అని కాదు, ఈమధ్య అని. ‘నియర్లీ’ అంటే దగ్గరగా అని కాదు, దాదాపు అని. ఇలాంటివి మరీ ఎక్కువేమీ ఉండవు, గుర్తుపెట్టుకోవడమే.

అసలు చిక్కు మాత్రం ఇక్కడ లేదు, మన తెలుగులో ఉంది. ‘ఆమె అందంగా ఉంది’, ‘ఆమె అందంగా పాడింది’. రెండుచోట్లా మనకు ‘అందంగా’నే. ఇంగ్లీషులో మొదటిది ‘బ్యూటిఫుల్’, రెండోది ‘బ్యూటిఫుల్లీ’. మొదటి వాక్యంలో అందం ఆమెది, రెండోదాంట్లో అందం పాడిన తీరుది. ‘గా’ కనబడగానే మన బుర్ర అడ్వర్బ్ వైపు పరిగెడుతుంది. ‘ఐ ఫీల్ శాడ్లీ’, ‘ఇట్ సౌండ్స్ స్ట్రేంజ్లీ’ లాంటివన్నీ అలా పుట్టినవే. వ్యాకరణం పుస్తకాలు ‘లింకింగ్ వెర్బ్’ (పనిని కాకుండా, కర్త ఎలా ఉన్నాడో చెప్పే క్రియ) అని ఒక జాబితా ఇస్తాయి: లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్, సౌండ్, సీమ్... నేను ఆ జాబితా ఎన్నిసార్లు బట్టీపట్టానో, అన్నిసార్లూ మర్చిపోయాను. జాబితాతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అదే క్రియ ఒకచోట లింకింగ్, ఇంకోచోట మామూలు క్రియ అవుతుంది.

చివరికి నాకు పనికొచ్చింది తెలుగు పరీక్షే. తెలుగు వాక్యంలో క్రియ తీసేసి, ఆ స్థానంలో ‘ఉన్నాడు’ పెట్టి చూడండి. ‘కోపంగా కనిపించాడు’ని ‘కోపంగా ఉన్నాడు’ అంటే అర్థం చెడలేదు. అయితే అడ్జెక్టివ్ వాడాలి: ‘హీ లుక్డ్ యాంగ్రీ’. ‘నావైపు కోపంగా చూశాడు’ని ‘నావైపు కోపంగా ఉన్నాడు’ అంటే వాక్యమే విరిగిపోయింది. అయితే అడ్వర్బ్: ‘హీ లుక్డ్ ఎట్ మీ యాంగ్రిలీ’. రెండుచోట్లా క్రియ ‘లుక్’ అనే గమనించండి. ఈ ఒక్క పరీక్షతో నా తప్పుల్లో సగం పోయాయి.

తెలుగు నుంచి దిగుమతయ్యేవి ఇంకొన్ని ఉన్నాయి. ‘ఆమె ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది’ అన్నప్పుడు మనకు ‘బాగా’ క్రియను ఆనుకుని ఉంటుంది. ఆ అలవాటుతో ‘షీ స్పీక్స్ వెల్ ఇంగ్లిష్’ అనేస్తాం. ఇంగ్లీషు క్రియకీ దాని కర్మకీ మధ్య మామూలుగా ఇలాంటి అడ్వర్బ్ దూరకూడదు, ‘వెల్’ చివరికి పోవాలి. ‘చాలా’ ఇంకో దొంగ. మనకు చాలా సంతోషం, చాలా ఇష్టం, మోయలేనంత చాలా బరువు, అన్నిటికీ అదొక్కటే చాలు. ఇంగ్లీషులో ‘వెరీ’ నేరుగా క్రియకు అతకదు, కాబట్టి ‘ఐ వెరీ లైక్ ఇట్’ కుదరదు. ‘టూ’ అంటే హద్దు మీరిందని, కాబట్టి ‘టూ హెవీ’ అంటే ఎత్తలేమని. చిన్నచిన్న, మెల్లమెల్లగా లాంటి జంట మాటలు కూడా అక్కడ చెల్లవు, ‘స్మాల్ స్మాల్ థింగ్స్’ అంటే నవ్వుతారు. నాకైతే ఆ విషయంలో ఇంగ్లీషు మీదే జాలి. ఒక్క ‘చిన్నచిన్న’లో పరిమాణమూ, ఒకటి కాదు చాలా ఉన్నాయన్న సంగతీ రెండూ ఇమిడిపోతాయి.

అడ్జెక్టివ్‌ల వరస గురించి ఎక్కువ బెంగపడకండి. అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, మూలం, పదార్థం అని చెప్తారు. ‘ఎ స్మాల్ ఓల్డ్ బ్లాక్ వుడెన్ బాక్స్’ అన్న ఒక్క ఉదాహరణ నోటికి పడితే చాలు. నాలుగు విశేషణాలు అవసరమయ్యే వాక్యం ఎలాగూ ఏడాదికి ఒకసారి వస్తుందేమో.

ఇక మీ రెండో ప్రశ్న. అడ్వర్బులు అసలే వద్దనేది అతి. నేనూ ఆ మాట నమ్మి ఒక ఏడాది వాటిని ఏరిపారేశాను. ఆ ఊపులో, జబ్బుపడి లేచిన మనిషి మెల్లగా నడిచి వస్తున్నాడని చెప్పాల్సినచోట ‘వాక్డ్ స్లోలీ’ కొట్టేసి, నిఘంటువులో వెతికి ‘సాంటర్డ్’ పెట్టాను. చదివిన స్నేహితుడు ‘ఈయన షికారుకు బయల్దేరాడా?’ అని అడిగాడు. ‘సాంటర్’లో తీరుబాటు, నిశ్చింత ఉంటాయి, జబ్బు నీరసం ఉండదు. ‘వాక్డ్ స్లోలీ’యే హాయిగా ఉండేది.

ఇప్పుడు ప్రతి అడ్వర్బునీ ఒక్కటే అడుగుతాను: క్రియ చెప్పని సంగతి నువ్వేమైనా చెప్తున్నావా? ‘షౌటెడ్ లౌడ్లీ’లో చెప్పడం లేదు, అరుపంటేనే గట్టిగా కదా. తీసేస్తాను. ‘స్మైల్డ్ శాడ్లీ’లో చెప్తోంది, చిరునవ్వులో దిగులు ఉంటుందని ఎవరూ అనుకోరు. ఉంచుతాను.

నన్నడిగితే అడ్వర్బుల కన్నా అడ్జెక్టివ్‌లే ఎక్కువ మోసం చేస్తాయి. ‘వెరీ బ్యూటిఫుల్ ప్లేస్’ అని రాస్తే రాసినవాడికి ఆ చోటు కళ్లముందు ఉంటుంది, చదివేవాడికి ఏమీ ఉండదు. అలాంటిచోట ఆ మాట కొట్టేసి, నాకు అందంగా అనిపించింది ఏమిటో అది రాస్తాను. ఆఫీసు రాతల్లో ఇది ఇంకా సులువు. ‘సిగ్నిఫికెంట్ డిలే’ అన్నచోట ‘3 వారాల ఆలస్యం’ అన్న అర్థం వచ్చేలా రాయండి, పైవాళ్ల నుంచి తిరుగు ప్రశ్నే రాదు.

రాసేటప్పుడు మాత్రం ఇవేవీ తలకెక్కించుకోకండి, చెయ్యి ఆగిపోతుంది. అంతా రాశాక ఫైల్లో ‘లీ’ అక్షరాల కోసం వెతికి, ఒక్కోదాన్నీ చూసుకుంటూ పోండి. పేజీకి అయిదు నిమిషాలు పడుతుంది.