స్లాట్ కారుకు ఏ టైరు?

ప్రశ్న: మా ఇంట్లో 1:32 స్లాట్ కార్ల (ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో పరుగెత్తే, అసలు కారులో 32వ వంతు కొలతల బొమ్మ కార్లు) ప్లాస్టిక్ ట్రాక్ ఉంది. కారు అడుగున ఉన్న అయస్కాంతం తీసేస్తే మలుపుల్లో వెనుక చక్రాలు జారిపోతున్నాయి. సిలికాన్ టైర్లు మేలా, యూరితేన్ (రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్) టైర్లు మేలా?
– ఒక పాఠకుడు, లెస్టర్, ఇంగ్లండ్

జవాబు: అయస్కాంతం లేనప్పుడు పట్టు భారమంతా టైర్ల మీదే పడుతుంది కాబట్టి మీ సందేహం సరైనదే, అయితే కొత్తవి కొనే ముందు, ఉన్న రబ్బరు టైర్లను చక్రాలకు జిగురుతో అంటించి, ట్రాక్ మీద పరిచిన సన్నని గరుకు కాగితంపై మెల్లగా తిప్పి, గుండ్రంగా, సమంగా అరగదీయండి. చాలా జారుడు ఇక్కడే తగ్గుతుంది.

సిలికాన్ శుభ్రమైన, నునుపైన తలంపై గట్టిగా పట్టుకుంటుంది. దుమ్ము మాత్రం దానికి శత్రువు, కొన్ని చుట్లకే పట్టు సడలుతుంది. పైగా మామూలు గరుకు కాగితానికి అది సరిగా అరగదు, మామూలు జిగురుకు అంటదు. అదే ట్రాక్‌పై రబ్బరు టైర్ల కార్లు తిరుగుతుంటే, అవి వదిలే పొర మీద సిలికాన్ ఇంకా జారుతుంది. యూరితేన్ దుమ్మును కొంత ఓర్చుకుంటుంది, గరుకు కాగితానికీ లొంగుతుంది. రోజూ తుడవలేని ఇంటి ట్రాక్‌కు నేనైతే దాన్నే ఎంచుకుంటాను. స్పాంజి టైర్లు ప్రధానంగా జిగురు పూత వేసే పెద్ద చెక్క ట్రాక్‌లకు చెందినవి, వాటి జోలికి వెళ్లకండి. క్లబ్బు పోటీల్లో పాల్గొనేటట్లయితే అక్కడ ఏ పదార్థాన్ని అనుమతిస్తారో ముందే అడగండి.