త్రీడీ బొమ్మలు సరే, ముందు లైట్ల సంగతి చూడు

బాబూ,

నీ నృత్యనాటికలో త్రీడీ బొమ్మలు వాడబోతున్నానని రాశావు, చాలా సంతోషం వేసింది. కానీ ఏ ప్రొజెక్టర్ తీసుకోవాలని అప్పుడే అడిగేశావు చూడు, అక్కడ కొంచెం ఆగు.

గాలిలో తేలినట్టు కనిపించే బొమ్మ పాత కిటుకే. 1862లో లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ స్టేజి మీద పెద్ద గాజు పలక వాలుగా నిలబెట్టి, ప్రేక్షకులకు కనపడని చోట ఉన్న మనిషి మీద గట్టిగా వెలుగు వేసి, అతని ప్రతిబింబాన్ని దయ్యంలా చూపించాడు. ఇవాళ స్టేజి మీద హోలోగ్రామ్ అంటున్నవాటిలో చాలావరకు ఇదే, గాజు బదులు పల్చటి ఫిల్మ్, మనిషి బదులు వీడియో. అప్పుడూ ఇప్పుడూ ఒకటే, వెనక చీకటి లేకపోతే బొమ్మ వెలిసిపోతుంది. అందుకే ఎదురు లైట్లు తగ్గించి పక్కల నుంచి వెయ్యి, నేల నిగనిగలాడకుండా నల్లగా ఉంచు.

కళ్లద్దాల త్రీడీ జోలికి మాత్రం తొందరపడి పోకు. తెర డాన్సర్ వెనక ఉంటే, బొమ్మ ఆమె కంటే ముందుకొచ్చినట్టు కనిపించాల్సిన చోట ఆ అమ్మాయి ఒళ్లే బొమ్మకు అడ్డమొస్తుంది, చూసేవాళ్ల కళ్లు తికమకపడతాయి.

ముందు పల్చటి వల తెర, దాని వెనక డాన్సర్లు, ఇది నాకు నచ్చిన పద్ధతి. 1999లో అమెరికన్ నృత్య దర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ 'బైపెడ్' నృత్యానికి మోషన్ క్యాప్చర్ బొమ్మల్ని, అంటే డాన్సర్ల కదలికల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి చేసినవాటిని, ఇలాగే ముందు తెర మీద వేశారు. అయితే తెర వెనకున్న డాన్సర్‌కి బొమ్మ సరిగ్గా కనపడదు, ఇది చాలామందికి ఆఖరి రోజు దాకా తట్టదు. పైగా చూసే సీటుని బట్టి బొమ్మ చోటు మారినట్టు ఉంటుంది. మా మొదటి ప్రదర్శనలో ఒకమ్మాయి వెలుగు పిట్టని అరచేతిలోకి తీసుకోవాలి. మధ్య సీట్లో కూర్చుని చూస్తే పిట్ట సరిగ్గా అరచేతిలోనే ఉంది, గోడ పక్క సీట్లోకి వెళ్లి చూస్తే చేతికి జానెడు దూరంలో ఎగురుతోంది! అమ్మాయిని తెరకు రెండడుగుల దగ్గరికి జరిపాక తేడా బాగా తగ్గింది. ఇక బొమ్మ తనకి కనపడదు కాబట్టి, నేల మీద గుర్తుగా చిన్న టేపు ముక్క అతికించి, ఏ లెక్కకు చెయ్యి ఎంత ఎత్తున ఉండాలో, చూపు ఎటు నిలవాలో రోజూ సాధన చేయించాం.

బొమ్మలు పూర్తయ్యేదాకా ఆగకు, ఒట్టి తెల్ల గీతలైనా సరే మొదటి వారం నుంచే తెర మీద వేసి రిహార్సల్ చెయ్యి. అన్ని మూలల్లో కూర్చుని చూసి, ఎక్కడెక్కడ తేడా వస్తోందో నాకు రాయి.