రంగుల గుండె తిప్పుతున్న ఆ అమ్మాయి ఎవరు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఆయనకు రెండేళ్లుగా గుండె దడ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడం, అన్నారు. ఈమధ్యే విశాఖపట్నంలో అబ్లేషన్ చేశారు. అయ్యాక డాక్టరుగారు మమ్మల్ని పిలిచి కంప్యూటర్లో రంగురంగుల గుండె బొమ్మ చూపించారు. ఆ బొమ్మను మౌసుతో తిప్పుతున్నది ఒక అమ్మాయి. డాక్టరు కాదట. మా పాప టెన్త్ పరీక్షలు రాసింది. అది చూసినప్పట్నుంచి ‘నేనూ అదే చదువుతాను’ అని పట్టుబట్టింది. మాకేమో డాక్టర్ని చెయ్యాలని ఉంది. ప్లస్ టూ ఇక్కడే చదివించాలా, విశాఖ పంపాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ పాప మంచి చోటే కన్నేసింది. అయితే అబ్లేషన్ చేసే గదిలో పనిచేసేవాళ్లు ఒక రకం కాదు. వాళ్లలో ఎవరి పని తనకు నచ్చిందో ముందు పాపకే తెలియాలి. అందుకని మీవారికి ఏం జరిగిందో కాస్త విడమర్చి చెప్తాను, పాపను కూడా చదవమనండి.

1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో హైసాగెర్ బృందం ఒక సంగతి చూపించింది. ఈ దడను రాజేసే నిప్పురవ్వలు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి గుండె ఎడమ పైగదికి వచ్చే సిరల మొదట్లో పుడుతున్నాయని. ఆ సిరల చుట్టూ కాల్చి గట్టు కట్టడమే అబ్లేషన్. గట్టు కట్టాలంటే ముందు పొలం చూడాలి కదా. ముందుగా తీసే సీటీ స్కాన్ అందుకే. మామూలుగా ఆ సిరలు నాలుగు, పక్కకు రెండు చొప్పున. కొందరికి ఒక పక్క రెండూ కలిసి ఒకే మూతితో ఉంటాయి. గొంతులోంచి గొట్టం దింపి తీసే ఎకో దేనికంటే, ఎడమ పైగదికి చెవిలా అంటుకుని ఉండే చిన్న సంచిలో రక్తం గడ్డ ఉందేమో చూడటానికి. గడ్డ కనిపిస్తే ఆ రోజుకు అబ్లేషన్ ఆపేస్తారు. గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది.

ఇక పాప చూసిన రంగులు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి పంపిన క్యాథెటర్ అనే సన్నటి గొట్టం గుండె లోపలి గోడను తాకుతూ పోతుంటే, తాకిన చోటల్లా ఒక చుక్క పడుతుంది. వేల చుక్కలు కలిసి ఆ బొమ్మ అవుతుంది. తమాషా ఏమిటంటే, చాలాచోట్ల వాడే పద్ధతిలో ఎరుపుకు రెండు అర్థాలు. గుండెను కొట్టించే కరెంటు ఏ దారిన పోతోందో చూపే బొమ్మలో ఎరుపంటే అందరికంటే ముందు కదిలిన చోటు. ఆ కరెంటు బలం చూపే బొమ్మలో ఎరుపంటే కరెంటు సరిగా పలకని చోటు, చాలాసార్లు మచ్చ కట్టిన కండ. ఏ బొమ్మ నడుస్తోందో గుర్తుంచుకుని, తప్పు చుక్కల్ని ఏరిపారేసి, డాక్టరుకు నమ్మకమైన పటం ఇవ్వడమే ఆ అమ్మాయి పని. ఆమెను మ్యాపింగ్ స్పెషలిస్టు అంటారు. ఎక్కువమంది ఆ యంత్రాలు తయారుచేసే కంపెనీల ఉద్యోగులే, ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి తిరుగుతుంటారు.

ఆ పనికి రెండు దార్లు. ఒకటి క్యాథ్‌ల్యాబ్ (ఇలాంటి పనులు జరిగే గది) లేదా కార్డియాక్ టెక్నాలజీలో బీఎస్సీ. రెండోది బయోమెడికల్ ఇంజినీరింగ్. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే మన రూర్కెలా ఎన్ఐటీలోనే ఉంది. చదువయ్యాక, కొంత అనుభవం వచ్చాక, ఈ రంగానికంటూ ఉన్న ఐబీహెచ్ఆర్ఈ అనే అంతర్జాతీయ పరీక్ష రాసుకోవచ్చు. బీఎస్సీ కాలేజీల విషయంలో మాత్రం ఊరికే నమ్మకండి. నాకు తెలిసిన ఒకబ్బాయి మూడేళ్లు చదివి వచ్చాడు, క్యాథ్‌ల్యాబ్ తలుపు దాటింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రోజుకు ఎన్ని కేసులు జరుగుతాయి, ఇంటర్న్‌షిప్ ఎక్కడ అని ఫీజు కట్టకముందే అడగండి.

డాక్టరు దారి పొడవు. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడు, డీఎం కార్డియాలజీ మూడు, ఆపైన గుండె లయ (రిథమ్) పనికి ఒకటి రెండేళ్ల ఫెలోషిప్. ఒక్క ఏడాదీ పోకుండా చదివినా ముప్పై దాటుతుంది. రేడియాలజీ ఎండీ చేసి గుండె స్కాన్లు చదివే దారి దీనికంటే పొట్టి, దాన్ని జనం పట్టించుకోరు. ఎంఆర్ఐలో గుండె కండ మీద మచ్చ ఎక్కడుందో తెలుస్తుంది. గుండెపోటు తర్వాత కింది గదుల్లో వచ్చే ప్రమాదకరమైన లయలకు అది బాగా పనికొస్తుంది. మీవారి లాంటి దడలో మాత్రం వ్యవహారం అంత తేలిక కాదు. ఎంఆర్ఐ చూపిన మచ్చల్ని కూడా కాల్చి చూసిన డెకాఫ్-2 అధ్యయనం 2022లో వచ్చింది. సిరల చుట్టూ మాత్రమే కాల్చినవారికంటే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. బొమ్మ అందంగా రావడం వేరు, రోగికి పనికిరావడం వేరు. మీ పాప రంగులు చూసే ముచ్చటపడిందా, ‘ఇది నిజమేనా’ అని అడిగే రకమా? రెండో రకమైతే నేను డాక్టరు వైపో పరిశోధన వైపో మొగ్గుతాను.

ఇప్పుడే తేల్చక్కర్లేదు. ఇప్పుడు తప్పకూడనిది ఒక్కటే: ప్లస్ టూలో బయాలజీతో పాటు లెక్కలు కూడా తీసుకోమనండి. నీట్‌కి లెక్కలు అక్కర్లేదని వదిలేస్తే ఇంజినీరింగ్ దారి అక్కడే మూసుకుపోతుంది. బరువవుతుంది, నిజమే. మొదటి ఏడాది మోసి చూడనివ్వండి.

విశాఖ పంపడం గురించి. అక్కడ రెండేళ్లు ఇంటర్ చదివితే ఆంధ్రాలో కాలేజీ సీట్లకు లోకల్ అయిపోతారని మన సరిహద్దు ఊళ్లలో ఒక భ్రమ. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివితేనే ఆ లెక్క. ఇక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 85 శాతం సీట్లు రాష్ట్రం వాళ్లకే. బరంపురం కాలేజీ మీకు దగ్గర. అది కాదనుకుని వెళ్లడం ఎందుకు? నీట్ తెలుగు పేపరు ఆంధ్రా, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు కాబట్టి ఇంగ్లిష్‌లోనే సిద్ధం కమ్మనండి. ఒడియా మాత్రం వదలొద్దు, ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయి ఒడియా అడుగుతారు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఇది పర్లాకిమిడిలో ఇంటిపట్టున ఉండి చేసే పని కాదు. విశాఖ, భువనేశ్వర్, హైదరాబాద్ లాంటి చోట్లే ఉంటుంది. ఎక్స్‌రే ఉండే గది కాబట్టి లోపల ఉన్నంతసేపూ బరువైన సీసం కోటు మోయాలి, మ్యాపింగ్ వచ్చాక ఎక్స్‌రే వాడకం బాగా తగ్గినా. ఆడపిల్ల అని ఆపమనడం లేదు, తెలిసి వెళ్లమంటున్నాను.

ఈ సెలవుల్లో మీవారి ఫైలు పాపకు ఇవ్వండి. ఎకో కాగితంలో ఎడమ పైగది ఎన్ని మిల్లీమీటర్లు ఉందో వెతకమనండి. మళ్లీ చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరుగారిని ఆ అంకె గురించి తననే అడగనివ్వండి. అన్నట్టు, దడ తగ్గింది కదా అని రక్తం పలచబరిచే మాత్రలు మానేసినవాళ్లను చూశాను. డాక్టరు చెప్పేదాకా మీవారిని మాననివ్వకండి.